మోచేతి నొప్పికి ఆపరేషన్ చేయించుకోవాలా, ఆగాలా: ఎలా తేల్చుకోవాలి

మోచెయ్యి నెలల తరబడి సలుపుతుంటే ‘ఆపరేషన్ చేయించేసుకుంటే పీడ వదులుతుంది కదా’ అని ఏదో ఒక రోజు అనిపిస్తుంది. వదలొచ్చు, వదలకపోనూవచ్చు. నొప్పి ఎంత ఉందన్న లెక్కతో ఇది తేలదు. నొప్పి పెడుతున్నది ఏది అన్నదాన్ని బట్టే తేలుతుంది. మోచేతి దగ్గర నొప్పి పుట్టేది ఎక్కువగా మూడు చోట్ల: కండను ఎముకకు పట్టి ఉంచే టెండన్, లోపలి పక్క నుంచి చేతివేళ్లకు వెళ్లే నరం, అసలు కీలు. టెండన్ దాదాపు ఎప్పుడూ ఆగనిస్తుంది. నరం అంతగా ఆగనివ్వదు. కీలు విషయంలో తొందరేమీ ఉండదు గానీ, ఆపరేషన్‌తో ఏం వస్తుందో, బదులుగా ఏం వదులుకోవాలో గట్టిగా బేరం ఆడుకోవాలి. కింద రాసినదంతా ఈ మూడింటినీ విడదీసి, ఎవరి బేరం వాళ్లు ఆడుకోవడం కోసమే.

ముందు, ఆగకూడనివి పక్కకు తీయండి

నొప్పి పాతదే అయినా సరే, వీటిలో ఏదైనా కనిపిస్తే మిగతా వ్యాసం తర్వాత చదువుకోవచ్చు.

జ్వరంతో పాటు మోచెయ్యి ఎర్రబడి, వేడిగా, కొంచెం కదిపినా ప్రాణం పోయేలా ఉంటే కీలులో చీము చేరి ఉండొచ్చు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఇన్ఫెక్షన్ కీలులో ఎముకల కొసలను కప్పి ఉండే మృదులాస్థిని రోజుల్లోనే తినేస్తుంది.

బరువు ఎత్తుతుండగా మోచేతి మడత దగ్గర టప్పుమని ఏదో తెగినట్టయి, తర్వాత అక్కడ కమిలి, జబ్బ కండ పైకి ముడుచుకుపోతే బైసెప్స్ టెండన్ తెగి ఉండొచ్చు. ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. మోచెయ్యి లంబకోణంలో మడిచి, అరచెయ్యి మీ ముఖం వైపు తిప్పి బిగబట్టండి. రెండో చేతి చూపుడువేలిని కొక్కెంలా వంచి, మోచేతి మడత బయటి పక్క నుంచి లోపలికి పోనివ్వండి. తాడులాంటిది వేలికి తగులుకోవాలి. ఏమీ తగలకపోతే ఆగకుండా సర్జన్‌ని చూడాలి, కుట్టాల్సి వస్తే రెండు మూడు వారాల్లోపే మేలు. ఆలస్యమయ్యే కొద్దీ తెగిన కొస వెనక్కి జరిగి అతుక్కుపోతుంది, తిరిగి లాగి కుట్టడం కష్టమవుతుంది.

ఉంగరపు వేలు, చిటికెన వేలు వచ్చిపోయే తిమ్మిరి కాకుండా ఎప్పుడూ మొద్దుబారి ఉంటున్నా, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చేతి వెనక ఉబ్బెత్తుగా ఉండాల్సిన కండ గుంటపడినా నరం నలుగుతోంది. ఇది రేపటికి పనికిరాకుండా పోయేది కాదు గానీ, ఆరు నెలలు చూద్దాం అనుకునేదీ కాదు.

దెబ్బ తగిలాక చెయ్యి పూర్తిగా చాపలేకపోవడం, ఏ పనీ చేయకుండా పడుకున్నా తగ్గని నొప్పి, పెరుగుతున్న గడ్డ, కారణం లేకుండా బరువు తగ్గడం: వీటికి ఆపరేషన్ ఆలోచన కన్నా ముందు పరీక్షలు కావాలి.

1. ఒక్క వేలితో చూపించండి

డాక్టర్ దగ్గరికి వెళ్లేముందే ఇది చేసుకోండి. నొప్పి పుట్టే చోటును ఒక్క వేలి కొసతో నొక్కి చూడండి. మోచేతి విషయంలో సగం రోగనిర్ధారణ ఆ వేలే చేసేస్తుంది.

బయటి పక్క ఎముక ముడి మీదే నొప్పి ఉండి, మోచెయ్యి చాపి, అరచెయ్యి కిందికి పెట్టి కుర్చీని వీపు పట్టుకుని ఎత్తితే అక్కడే పోటు వస్తే అది టెన్నిస్ ఎల్బో. పేరు అలా ఉంది గానీ టెన్నిస్ బ్యాట్ ముట్టనివాళ్లకే ఎక్కువ వస్తుంది. మణికట్టును వెనక్కి లేపే కండ టెండన్ ఎముకను పట్టుకునే చోట పాడవడం వల్ల ఈ నొప్పి వస్తుంది. అది వాపు కన్నా అరుగుదలే అన్నది గుర్తుంచుకోండి, ఇంజెక్షన్ల దగ్గర ఆ సంగతి అవసరపడుతుంది.

నొప్పి ఆ ముడి మీద కాకుండా మూడు నాలుగు సెంటీమీటర్లు కిందికి, ముంజేతి కండలో ఉంటే బయటి పక్క నుంచి వెళ్లే రేడియల్ నరం ఒత్తిడికి లోనవుతూ ఉండొచ్చు. ఈ రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. టెన్నిస్ ఎల్బో ఆపరేషన్ చేయించుకున్నా నొప్పి పోలేదనే వాళ్లలో కొందరికి అసలు జబ్బు ఇదే.

లోపలి పక్క ముడి మీద నొప్పి ఉండి, మణికట్టు లోపలికి వంచి ఏదైనా బిగించినప్పుడు పెరిగితే గోల్ఫర్స్ ఎల్బో. ఆ ముడి వెనక ఉన్న గాడిలో తట్టితే చిటికెన వేలిదాకా కరెంటు కొట్టినట్టయితే అది మొదట్లో చెప్పిన లోపలి పక్క నరం, దాని పేరు అల్నార్ నరం. మోచెయ్యి పూర్తిగా మడిచి ఒక నిమిషం అలాగే ఉంచండి, తిమ్మిరి మొదలైతే అనుమానం బలపడుతుంది. ఇంకోటి: ఒక కాగితాన్ని రెండు చేతుల బొటనవేళ్లకూ చూపుడువేళ్ల పక్కకూ మధ్య పట్టి రెండువైపులా లాగండి. నొప్పి ఉన్న చేతి బొటనవేలు కణుపు దగ్గర మడత పడి గోరుతో గట్టిగా పట్టుకునే ప్రయత్నం చేస్తుంటే, ఆ చేతి కండలు నీరసించాయన్నమాట.

మోచిప్ప మీద సంచిలా ఉబ్బి, మోచెయ్యి మాత్రం హాయిగా ఆడుతుంటే అది చర్మం కింది ద్రవపు తిత్తి వాచడం. దీనికి ఆపరేషన్ అరుదుగానే పడుతుంది.

కదుపుతుంటే మధ్యలో కలుక్కుమని ఇరుక్కుపోయి, కాస్త విదిలిస్తే విడుతోందా? కీలు లోపల ఎముకో మృదులాస్థో ముక్క విడిపోయి తిరుగుతూ ఉండొచ్చు. ఆపరేషన్ నిజంగా మేలు చేసే సందర్భాల్లో ఇది ముందు వరసలో ఉంటుంది.

ఇక ఏ ఒక్క చోటా వేలు పెట్టలేక, మెడ దగ్గర్నుంచి చేతిదాకా అంతా అని అరచేత్తో చూపిస్తుంటే, మెడను నొప్పి ఉన్న పక్కకు వంచి చూడండి. నొప్పి చేతిలోకి దిగితే మోచేతికి కత్తి పెట్టించుకునే ముందు మెడ చూపించుకోవాలి.

2. రెండు వారాలు నోటు పుస్తకం రాయండి

‘బాగా నొప్పిగా ఉందండీ’ అంటే సర్జన్‌కి ఏమీ తెలియదు. అంకెలు కావాలి. రోజూ మూడు సార్లు 0 నుంచి 10 లోపు నొప్పి రాయండి: కదపకుండా ఉన్నప్పుడు, పని చేస్తున్నప్పుడు, రాత్రి. పక్కన ఆరోజు చేయలేకపోయిన పని ఒకటి రాయండి. స్క్రూ తిప్పలేకపోయాను, తల దువ్వుకోలేకపోయాను, కెటిల్ ఎత్తలేకపోయాను, ఇలా.

ఇప్పుడు కదలిక కొలవండి. ఇది చాలామంది వదిలేసే పని, నా ఉద్దేశంలో పుస్తకం మొత్తంలో అతి విలువైన పేజీ. టేబుల్ పక్కన కూర్చుని జబ్బ వెనక భాగం పూర్తిగా బల్లకు ఆనేలా పెట్టి, అరచెయ్యి పైకి తిప్పి, చెయ్యి ఎంత వీలైతే అంత చాపండి. మణికట్టు బల్లకు ఎన్ని సెంటీమీటర్ల పైన ఆగిపోయిందో స్కేలుతో కొలవండి. మోచేతి నుంచి మణికట్టుకు 25 సెంటీమీటర్లున్న మనిషికి 12 లేదా 13 సెంటీమీటర్ల ఎత్తులో ఆగితే 30 డిగ్రీల లోటు ఉన్నట్టు. తర్వాత మోచెయ్యి మడవండి. నోటిదాకా చెయ్యి ఇబ్బంది లేకుండా వెళ్తే 130 డిగ్రీలకు దగ్గర్లో ఉన్నట్టే. చివరికి మోచెయ్యి నడుముకు ఆనించి, లంబకోణంలో మడిచి, పిడికిట్లో పెన్ను నిటారుగా పట్టుకుని, అరచెయ్యి పైకీ కిందికీ తిప్పండి. పెన్ను ఒక్కో వైపు సగానికి కాస్త ఎక్కువ వాలితే 50 డిగ్రీలు.

ఈ అంకెలకు అర్థం ఉంది. 30 నుంచి 130 డిగ్రీల మడత (చెయ్యి పూర్తిగా చాపితే 0), రెండు వైపులా 50 డిగ్రీల తిప్పుడు ఉంటే రోజువారీ పనులు చాలావరకు జరిగిపోతాయని 1981లో అమెరికాలో మోరీ అనే సర్జన్ బృందం కొలిచి చూపింది. సర్జన్లు ఇప్పటికీ దాన్నే గీటురాయిగా వాడతారు. మీ కదలిక ఆ హద్దుల్లోనే ఉంటే, కదలిక పెంచడం కోసం చేసే ఆపరేషన్ మీకు పెద్దగా ఇచ్చేదేమీ ఉండదు. ఉద్యోగానికో ఆటకో ఇంకా ఎక్కువ కావాల్సినవాళ్ల సంగతి వేరు.

కీలు అరుగుదల ఉన్నవాళ్లు ఒకటి తప్పకుండా గమనించాలి. నొప్పి చెయ్యి పూర్తిగా చాపినప్పుడో, పూర్తిగా మడిచినప్పుడో, చివరి అంచున మాత్రమే వస్తోందా? లేక మధ్యలో, 60-100 డిగ్రీల దగ్గర కూడా రాపిడితో వస్తోందా? అంచున వచ్చే నొప్పి పెరిగిన ఎముక తగులుకోవడం వల్ల, దాన్ని చెక్కేస్తే తగ్గుతుంది. మధ్యలో వచ్చే నొప్పి అంటే మృదులాస్థి పోయి ఎముకకు ఎముక రాసుకుంటోంది. చెక్కడం వల్ల ఆ నొప్పి పోదు. ఒకే ఎక్స్‌రే ఉన్న ఇద్దరిలో ఒకరికి ఆపరేషన్ అచ్చొచ్చి ఇంకొకరికి రాకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

3. పరీక్షల కాగితాలకు లొంగిపోవద్దు

ఎదురుగానూ పక్కనుంచీ తీసిన ఎక్స్‌రే అరుగుదలను, పెరిగిన ఎముకను చూపిస్తుంది. విడిపోయిన ముక్కలు ఎన్ని, ఎక్కడెక్కడ అన్నది సీటీలో బాగా తెలుస్తుంది. నరం సంగతి తేల్చడానికి నరాల వేగం కొలిచే పరీక్ష ఉంది. అది మామూలుగా వచ్చినంత మాత్రాన తొలిదశ ఒత్తిడి లేదని కాదు. ఎమ్మారై, అల్ట్రాసౌండ్ టెండన్‌ను చూపిస్తాయి. ఇక్కడే జాగ్రత్త: ‘పాక్షికంగా చిరిగింది’ అన్న మాట రిపోర్టులో కనిపించగానే గుండె జారుతుంది. నొప్పి ఏమాత్రం లేని మోచేతుల్లోనూ అలాంటి మార్పులు కనిపిస్తాయి. ఎమ్మారైలో ఎంత పాడైందన్నదానికీ నొప్పికీ పొంతన అంతగా కుదరదు. ఒక్క వేలు చూపించిన చోటూ, రిపోర్టూ కలిస్తేనే ఆ రిపోర్టుకు విలువ.

4. ‘అన్నీ చేశాను’ అన్నది నిజమేనా

సర్జన్ కాగితం మీద ‘మందులతో, ఫిజియోతో తగ్గలేదు’ అని రాస్తారు. చాలాసార్లు ఆ ఫిజియో అంటే రెండు వారాలు వేడి కాపడం, మెషీన్ పెట్టించుకోవడం, ఓ బ్యాండు. అది చికిత్స కింద లెక్క కాదు.

టెన్నిస్ ఎల్బోకి లెక్కలోకి వచ్చేది కనీసం 12 వారాల బలవర్ధక వ్యాయామం. మొదటి రెండు వారాలు కదలిక లేకుండా బిగపట్టండి. ముంజెయ్యి బల్ల మీద, మణికట్టు అంచు దాటి, అరచెయ్యి కిందికి. అర లీటరు నీళ్ల సీసా పట్టుకుని మణికట్టు వంగకుండా, ముంజేతికి సూటిగా 30 నుంచి 45 సెకన్లు నిలపండి, ఐదు సార్లు. తర్వాత నుంచి సీసాను రెండో చేతి సాయంతో పైకి లేపి, నొప్పి ఉన్న చేత్తో నాలుగైదు సెకన్లు లెక్కపెడుతూ కిందికి దించండి. 15 సార్లు, మూడు విడతలు, మధ్యలో నిమిషం విరామం. మూడు విడతలు తేలిగ్గా అయిపోతుంటే పావు కిలో పెంచండి.

నొప్పి అసలు రాకూడదనుకుంటే ఈ వ్యాయామం ఎప్పటికీ చేయలేరు. చేస్తుండగా 3, 4 దాకా రావచ్చు. తేల్చేది మర్నాటి పొద్దున: ముందురోజు కన్నా ఎక్కువగా ఉంటే బరువు సగానికి తగ్గించాలి, లేకపోతే కొనసాగించాలి. ఎక్కువమంది రెండో వారంలో నొప్పి పెరిగిందని మానేస్తారు, ఇంకొందరు ఐదో వారంలో తగ్గిందని మానేస్తారు. టెండన్‌కు ఈ రెండూ ఒకటే.

దానితో పాటు పని పద్ధతి మార్చాలి. వస్తువుల్ని అరచెయ్యి పైకి ఉంచి, ఒంటికి దగ్గరగా ఎత్తండి. సన్నటి పిడికి గుడ్డ చుట్టి లావు చేయండి. మౌస్‌ను దగ్గరికి లాక్కోండి. బ్యాండును ఎముక ముడి మీద కట్టకూడదు, దానికి రెండు వేళ్ల కింద, కండ మీద కట్టాలి. పని చేసేటప్పుడే. వేళ్లు జివ్వుమంటే వదులు చేయాలి.

నరానికైతే వ్యాయామం కన్నా మడత తగ్గించడమే మందు. రాత్రి నిద్రలో మోచెయ్యి ముడుచుకుపోకుండా ఒక తువాలును వదులుగా చుట్టి కట్టుకోండి, లేదా 30-45 డిగ్రీల్లో నిలిపే స్ప్లింట్ వేసుకోండి. ఫోను చెవి దగ్గర పట్టుకోవద్దు. మోచెయ్యి బల్ల అంచుకు ఆనించవద్దు. కండ గుంటపడకుండా, తిమ్మిరి వచ్చిపోతున్నవాళ్లు ఇలా 6 నుంచి 12 వారాలు చూడొచ్చు.

ఇంజెక్షన్ల గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆపరేషన్ కన్నా ముందు చేతికి తగిలేది సూదే. స్టెరాయిడ్ వేశాక ఒకటి రెండు వారాల్లో హాయిగా ఉంటుంది. అక్కడితో కథ ఆగితే బాగుండేది. టెన్నిస్ ఎల్బో ఉన్న 165 మందితో ఆస్ట్రేలియాలో చేసి 2013లో ప్రచురించిన పరీక్షలో, ఏడాది తర్వాత స్టెరాయిడ్ వేయించుకున్నవాళ్లలో 83 శాతం మంది బాగా కోలుకున్నారు, ఉత్తుత్తి సూది వేయించుకున్నవాళ్లలో 96 శాతం మంది. నొప్పి తిరగబెట్టడం స్టెరాయిడ్ వాళ్లలో 54 శాతం, రెండోవాళ్లలో 12 శాతం. పాడైంది వాపు వల్ల కానప్పుడు వాపు మందుతో ఎంత సేపు నెట్టుకొస్తాం? పైగా అదే చోట మళ్లీ మళ్లీ పొడిపిస్తే ఎముకను ఎముకకు కట్టి ఉంచే పక్కనున్న లిగమెంట్ కూడా బలహీనపడి కీలు జారడం మొదలుపెట్టే ప్రమాదం ఉంది. సొంత రక్తం నుంచి తీసే ప్లేట్‌లెట్ల ఇంజెక్షన్ గురించి గట్టిగా ప్రచారం జరుగుతుంది. 2021లో కాక్రేన్ సంస్థ పరీక్షలన్నీ కలిపి చూసి, చెప్పుకోదగ్గ మేలు బహుశా లేదని తేల్చింది. ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ల మీద దాడి చేసే రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవాళ్ల కీలులోకి వేసే స్టెరాయిడ్ మాత్రం వేరే లెక్క. అక్కడ నిజంగానే వాపు ఉంటుంది.

ఒక్కమాట: సూది వేయించుకున్న మూడు నెలల్లోపు అదే కీలుకు ఆపరేషన్ పెట్టుకోవద్దు, ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. ‘ముందు సూది వేసి చూద్దాం, తగ్గకపోతే వచ్చే నెల ఆపరేషన్’ అంటే ఆ వరస కుదరదని చెప్పండి.

5. మీ జబ్బుకు ఏ ఆపరేషన్, ఏం ఇస్తుంది, ఏం తీసుకుంటుంది

టెన్నిస్ ఎల్బో. పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఏడాదిలోపు కత్తి లేకుండానే తగ్గుతుంది. అందుకే 6 నుంచి 12 నెలలు సరిగ్గా ప్రయత్నించకుండా ఆపరేషన్ మాట ఎత్తడం తొందరపాటు. పాడైన టెండన్ ముక్కను కోసి తీసేస్తారు, విప్పి గానీ కెమెరాతో గానీ. చాలామంది బాగుపడతారు. అయితే ఆపరేషన్ వల్లే బాగుపడ్డారా అన్నది వేరే ప్రశ్న. ఆస్ట్రేలియాలోనే 26 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు పాడైన టెండన్ కోసి తీశారు, రెండో జట్టుకు చర్మం కోసి టెండన్‌ను చూసి, ఏమీ తీయకుండా కుట్టేశారు. ఎవరికి ఏది చేశారో వాళ్లకు చెప్పలేదు. 26 వారాలకు రెండు జట్లూ ఒకేలా బాగుపడ్డాయి. 2018లో అచ్చయిన ఈ పరీక్ష చిన్నదే. అయినా టెండన్ ఆపరేషన్‌కు సంతకం పెట్టేముందు దాన్ని ఒకసారి తలుచుకోవడం మంచిది. నా సలహా అడిగితే, 12 వారాల వ్యాయామం నిజంగా చేసి, ఏడాది దాటి, పనికి అడ్డమయ్యేంత నొప్పి మిగిలి, మెడా నరమూ కారణం కాదని తేలినవాళ్లకే ఇది.

అల్నార్ నరం. గాడి మీది పట్టీని కోసి నరాన్ని వదులు చేస్తారు, లేదా నరాన్నే ముందుకు జరుపుతారు. ఇంతకుముందు ఆపరేషన్ కాని మామూలు మోచేతిలో రెండింటి ఫలితాలూ ఇంచుమించు సమానం, జరపడంలో గాయం పెద్దది. నరం గాడిలోంచి పక్కకు జారుతుంటే జరపడమే మేలు. ఇక్కడ ఆలస్యానికి ఖరీదు ఎందుకంటే, నలిగిపోయిన నరపు పోగు తిరిగి పెరిగేది రోజుకు ఒక మిల్లీమీటరు. మోచేతి నుంచి అరచేతి కండలదాకా 30 సెంటీమీటర్ల పైనే. అంటే దాదాపు ఏడాది దారి. ఈలోగా కండ ఎండిపోతే నరం చేరినా దాన్ని పట్టించుకునేవాళ్లు ఉండరు. కాబట్టి కండ గుంటపడడం మొదలైనవాళ్లకు ఆపరేషన్ పోయిన బలాన్ని తెస్తానని మాటివ్వదు, ఉన్నది పోకుండా ఆపుతుంది. ఆ మాత్రానికైనా చేయించుకోవాల్సిందే.

కీలు అరుగుదల, విడిపోయిన ముక్కలు. కెమెరాతో గానీ విప్పి గానీ ముక్కలు తీసి, పెరిగిన ఎముక చెక్కి, కీలు చుట్టూ బిగుసుకున్న తొడుగును వదులు చేస్తారు. ఇరుక్కుపోవడం, అంచున వచ్చే నొప్పి బాగా తగ్గుతాయి. కదలిక కొన్ని పదుల డిగ్రీలు పెరగొచ్చు. అరుగుదల మాత్రం ఆగదు, ఏళ్లు గడిచాక పెరిగిన ఎముక మళ్లీ రావచ్చు. మోచేతి చుట్టూ మూడు పెద్ద నరాలు కీలు తొడుగుకు మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి కాబట్టి మోకాలి కెమెరా ఆపరేషన్‌తో దీన్ని పోల్చకూడదు. తాత్కాలికంగా నరం మొద్దుబారడం అరుదేమీ కాదు, శాశ్వతంగా దెబ్బతినడం అరుదు. ఇంకొకటి అడిగి తీరాలి: చాలాకాలంగా మోచెయ్యి 90-100 డిగ్రీలు దాటి మడవలేకపోతున్నవాళ్లకు, బిగువు వదులు చేసేటప్పుడే అల్నార్ నరాన్ని కూడా వదులు చేస్తారా? చేయకపోతే, ఒక్కసారిగా ఎక్కువ మడత వచ్చి, ఆ సాగుడుకు అలవాటు లేని నరం దెబ్బతింటుంది.

కీలు మార్పిడి. రుమటాయిడ్‌తో కీలు పూర్తిగా పోయినవాళ్లకు, బరువు పనులు లేని పెద్ద వయసువాళ్లకు ఇది గొప్ప ఉపశమనం. నొప్పి తగ్గించడంలో దీనికి సాటి లేదు. కానీ బేరం కఠినం. ఒక్కసారి ఎత్తినా 4-5 కిలోలకు మించకూడదు, పదే పదే ఎత్తేది ఒక కిలో. జీవితాంతం. లీటరు నీళ్ల సీసాయే కిలో ఉంటుంది, నిండు బకెట్ పది దాటుతుంది. పదేళ్లకు ఐదింటిలో నాలుగు నిలుస్తాయి. తుంటి, మోకాలి కీళ్లంత కాలం ఇవి నిలవవు. వదులవడం, ఇన్ఫెక్షన్, వెనక కండ బలహీనపడి చెయ్యి చాపలేకపోవడం, నరం మొద్దుబారడం ప్రధాన చిక్కులు. అందుకే 40ల్లో ఉండి, చేతులతో పని చేసి బతికేవాళ్లకు సర్జన్లు దీన్ని వీలైనంత వెనక్కి నెడతారు.

రుమటాయిడ్ ఉన్నవాళ్లు వరస చూసుకోవాలి. మోకాలో తుంటో కూడా మార్చాల్సి ఉంటే ముందు కాళ్లవి చేయించుకోవడం మంచిది. ఊతకర్రల మీద ఒంటి బరువు వేస్తే కొత్త మోచేతి కీలు వదులవుతుంది. మత్తు ఇచ్చేముందు మెడ ఎక్స్‌రే కూడా అడగండి, ఈ జబ్బులో మెడ పైఎముకలు కదిలిపోయి ఉండొచ్చు.

6. సర్జన్‌ని అడగాల్సినవి

కాగితం మీద రాసుకెళ్లండి, గదిలోకి వెళ్లాక గుర్తురావు.

– నా నొప్పి ఏ నిర్మాణం నుంచి వస్తోంది? అదే అని దేన్ని బట్టి అంటున్నారు?
– ఇదే ఆపరేషన్ ఏడాదికి ఎన్ని చేస్తారు? మోచేతి కెమెరా ఆపరేషన్లూ కీలు మార్పిడులూ అందరూ తరచుగా చేసేవి కావు. ఈ ప్రశ్నకు చిరాకు పడేవాళ్ల దగ్గర చేయించుకోకపోవడమే క్షేమం.
– ఆపరేషన్ తర్వాత చేయాలనుకుని నేను రాసుకొచ్చిన ఈ మూడు పనుల్లో ఏది చేయగలుగుతాను, ఏది చేయలేను?
– ఆరు నెలలు ఆగితే ఏం పాడవుతుంది?
– విఫలమైతే తర్వాతి మెట్టు ఏమిటి?

నాలుగో ప్రశ్నకు జవాబు వినడం ముఖ్యం. ‘ఏమీ పాడవదు’ అని వస్తే మీకు గడువేమీ లేదు, నిదానంగా ఆలోచించుకోవచ్చు. ‘కండ పోతుంది’ అని వస్తే తారీఖు తీసుకోండి.

7. ఒళ్లూ ఇల్లూ సిద్ధమా

పొగతాగేవాళ్లు కనీసం నాలుగు వారాల ముందు మానాలి. మోచిప్ప మీద చర్మం పలుచన, కింద కొవ్వు ఉండదు, గాయం మానకపోతే కప్పడానికి ఏమీ దొరకదు. షుగర్ ఉంటే మూడు నెలల సగటు చూపించే హెచ్‌బీఏ1సీ 8 లోపుకు తెచ్చుకోండి. రక్తం పలచబరిచే మందులూ, రుమటాయిడ్‌కు వాడే బయాలజికల్ ఇంజెక్షన్లూ ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు మొదలుపెట్టాలో రాయించుకోండి. మెథోట్రెక్సేట్‌ను మామూలుగా ఆపనక్కర్లేదు. పంటి చీము, చర్మం మీద పుండ్లు ఉంటే ముందు అవి మానాలి.

ఒంటి చేత్తో ఒక రోజు గడిపి చూడండి. స్నానం, గుండీలు, మరుగుదొడ్డి, జుట్టు ముడి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ ఎవరి సాయం కావాలో ముందే మాట్లాడుకోండి. సెలవు లెక్క కూడా ఇలా వేసుకోండి: నరం వదులు చేశాక తేలిక పనికి రెండు నుంచి నాలుగు వారాలు. టెన్నిస్ ఎల్బోకి కుట్లు 10-14 రోజులకు తీస్తారు, బలం పెంచే వ్యాయామం ఆరు వారాల దగ్గర, బరువు పనికి మూడు నాలుగు నెలలు. కీలు మార్చాక ఆరు వారాలు ఆ చేత్తో దేన్నీ నెట్టకూడదు, కుర్చీలోంచి లేస్తూ చెయ్యి ఊతంగా పెట్టడం కూడా నెట్టడమే.

8. నాలుగు వాక్యాలు రాయండి

నా జబ్బు పేరు ఇది. నేను ఈ తారీఖు నుంచి ఈ తారీఖు దాకా ఈ చికిత్స చేశాను. ఆపరేషన్ తర్వాత ఈ మూడు పనులు చేయాలనుకుంటున్నాను. అందుకోసం ఇది వదులుకోవడానికి సిద్ధం. ఏ వాక్యమైనా నింపలేకపోతే, నరం కేసు కాకుండా ఉంటే, ఇంకా టైమ్ కాలేదు. మూడు నెలల తర్వాత తారీఖు ఒకటి క్యాలెండర్లో గుర్తుపెట్టుకుని, బల్ల మీద స్కేలు పెట్టి మళ్లీ కొలవండి. మణికట్టు ఎత్తు రెండు సెంటీమీటర్లకు మించి పెరిగినా, ఇరుక్కుపోవడం కొత్తగా మొదలైనా, తిమ్మిరి పోకుండా నిలిచిపోయినా ఆ తారీఖు కోసం ఎదురుచూడక్కర్లేదు.

చేయించుకున్నవాళ్లు అదే స్కేలును దాచి ఉంచండి. మోచెయ్యి ఒంట్లో తొందరగా బిగుసుకుపోయే కీళ్లలో ఒకటి. సర్జన్ కదపమన్న రోజు నుంచే కదపాలి, గంటకోసారి పది సార్లు, మీ సొంత బలంతో. వేరేవాళ్లు పట్టి బలవంతంగా వంచడం, మర్దనా చేయడం వద్దు, నలిగిన కండలో ఎముక పేరుకునే చిక్కు ఉంది. కుట్ల దగ్గర తడి ఆగకపోయినా, జ్వరం వచ్చినా, వేళ్లు కొత్తగా మొద్దుబారినా ఆరోజే ఫోన్ చేయండి. వారానికోసారి మణికట్టు ఎత్తు కొలిచి రాస్తూ ఉంటే, మూడు నాలుగు వారాలు వరసగా అంకె కదలకపోయినప్పుడు మీకే ముందు తెలుస్తుంది. అప్పుడు పుస్తకం పట్టుకుని నేరుగా సర్జన్ దగ్గరికే వెళ్లండి. కీలు బిగువు ముదిరాక చేయగలిగినదాని కన్నా, రెండో నెలలో చేయగలిగింది చాలా ఎక్కువ.